పదో తరగతి పిల్లల్ని తెల్లవారుజామున నాలుగింటికి లేపి చదివించాలా?

పదో తరగతి అమ్మ, ఖమ్మం

మా పెద్దబ్బాయి ఈ ఏడాది పదో తరగతి. సంక్రాంతి సెలవులు అవగానే స్కూల్లో తల్లిదండ్రుల మీటింగ్ పెట్టి, పరీక్షలయ్యేదాకా పిల్లల్ని రోజూ నాలుగింటికి లేపమన్నారు. టీచర్లు తలా కొంతమందిని పంచుకుని, లేచారో లేదో ఫోన్ చేసి మరీ కనుక్కుంటున్నారు. వాళ్ల శ్రద్ధను నేను తప్పుపట్టను. కానీ సాయంత్రం స్పెషల్ క్లాసు ముగించుకుని మావాడు ఇల్లు చేరేసరికి ఏడవుతుంది. తిని, హోంవర్క్ చేసి పడుకునేసరికి పదకొండు. నిద్ర ఐదు గంటలే.

పొద్దున మంచం మీద గోడకానుకుని సోషల్ పుస్తకం ఒళ్లో పెట్టుకుంటాడు. పెదాలు కదులుతుంటాయి. నేను పాలు కాచి తెచ్చేసరికి కూడా అదే పేజీ. ఏం చదివావురా అంటే చెప్పలేడు. మావారేమో మేమంతా అలాగే చదివాం, అలవాటవుతుంది అంటారు. తెల్లవారుజామున చదివింది జన్మలో మర్చిపోరని అత్తయ్యగారు. నాకు మాత్రం వాడికి నిద్రా లేదు, చదువూ లేదు అనిపిస్తోంది. కొనసాగించాలా, మానేయాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గురుకులం పూర్వ విద్యార్థి

మానేయొద్దమ్మా. 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల పెట్టినప్పటి నుంచి, ఎంతమంది కూలీల పిల్లలు, రైతుల పిల్లలు ఆ బడుల్లో చదివి పైకొచ్చారో చూడండి. ఆ చదువుకు వెన్నెముక స్టడీ అవరే. మేం ఐదింటికి లేచేవాళ్లం. చన్నీళ్లతో మొహం కడుక్కుని వరండాలో వరసగా కూర్చునేవాళ్లం. పక్కవాడు చదువుతుంటే మనకీ చదవాలనిపిస్తుంది. చదవాలా వద్దా అని రోజూ ఆలోచించే పని ఉండదు, బెల్లు కొడితే కూర్చోవడమే. పదిహేనేళ్ల పిల్లాడికి అదే పెద్ద బలం.

ఈ రోజుల్లో పిల్లలకు చిన్న కష్టం వచ్చినా తల్లిదండ్రులే ముందు కరిగిపోతున్నారు. మార్చిలో పరీక్షలు పెట్టుకుని ఇప్పుడు పట్టు వదిలితే మళ్లీ దొరకదు.

నిద్ర గురించి ఒక తండ్రి, కాలిఫోర్నియా

గురుకులం గారి మాట మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. మీరు ఐదింటికి లేచేవారు సరే, మరి రాత్రి లైట్లు ఎన్నింటికి ఆర్పేవారు?

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసు వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ చెబుతోంది. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ హార్మోన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. పిల్లాడు పదింటికి పడుకున్నా నిద్ర పట్టకపోవడం బద్ధకం కాదు, ఒంటి తీరే అది. 2014లోనే ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం హైస్కూళ్లు ఉదయం 8:30 కంటే ముందు మొదలుపెట్టొద్దని చెప్పింది. మా రాష్ట్రంలో 2022 జులై నుంచి అది చట్టమైంది, కొన్ని గ్రామీణ ప్రాంతాలకు మినహాయింపు ఉంది. మా అమ్మాయి అప్పుడు హైస్కూల్లోనే ఉంది కాబట్టి ఆ మార్పు ఇంట్లోనే చూశాను.

పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. రెండు గంటల నిద్ర కోసేసి రెండు గంటల చదువు కలిపితే లాభం ఎక్కడుంది?

సోషల్ మేడమ్, కర్నూలు జిల్లా

కాలిఫోర్నియాలో ఎవరి గది వాళ్లకుంటుంది సార్. మా బడిలో పదో తరగతి ఆడపిల్లల ఇళ్లకు ఒకసారి నాతో రండి. ఒకటే గది. అందులోనే పొయ్యి, అందులోనే టీవీ. సాయంత్రం అమ్మ పొలం నుంచి వచ్చేలోపు ఈ పిల్ల నీళ్లు పట్టాలి, గిన్నెలు తోమాలి, తమ్ముడిని చూసుకోవాలి. తొమ్మిది దాటేదాకా ఆ ఇంట్లో పుస్తకం తెరిచే చోటే ఉండదు. అందరూ పడుకుంటే లైటు తీసేయమంటారు. ఆ పిల్లకు తనదంటూ ఉన్న సమయం తెల్లవారుజామే. అప్పుడు ఎవరూ పని చెప్పరు. మా బడిలో ఒకమ్మాయి కరెంటు స్తంభం లైటు కింద అరుగు మీద కూర్చుని చదివేది. నేను ఫోన్ చేసి లేపానని మరుసటి రోజు థ్యాంక్స్ చెప్పింది.

అందుకే, ఎనిమిది గంటలు పడుకోవాలి అనే మాట నాకు కొంచెం కోపం తెప్పిస్తుంది. పడుకోవడానికి కూడా ఇంట్లో వీలుండాలి కదా.

ఇంటర్ ఫస్టియర్

నేను పోయినేడు పది రాశాను. మూడున్నరకే లేచేదాన్ని. నిజం చెప్పాలంటే లేవనందుకు తిట్టేవాళ్లు కానీ ఎంత వచ్చిందని ఎవరూ అడిగేవాళ్లు కాదు. లేచి కూర్చుంటే చాలు, అందరూ సంతోషించేవాళ్లు. బయాలజీ బొమ్మలు చూస్తూ కూర్చునేదాన్ని. పరీక్షలో నెఫ్రాన్ బొమ్మ వేయమంటే భాగాలన్నీ గుర్తొచ్చాయి, ఏ గీత ఎక్కడికి పోవాలో రాలేదు. చూడ్డమే తప్ప ఒక్కసారీ వేయలేదు.

లెక్కల మాస్టారు, జిల్లా పరిషత్ హైస్కూలు

ఇంటర్ అమ్మాయి రాసింది చదివాక ఇక నేనూ మాట్లాడాలనిపించింది. ఏ టైముకు లేపాలి అని మనమంతా కొట్టుకుంటున్నాం. లేచాక పిల్లాడు ఏం చేస్తున్నాడు అన్నదాని మీద ఎవరమూ గట్టిగా మాట్లాడట్లేదు. నా బాధంతా అదే.

మొన్న స్లిప్ టెస్టులో ప్రాథమిక అనుపాత సిద్ధాంతం ఇచ్చాను. త్రిభుజంలో ఒక భుజానికి సమాంతరంగా గీసిన రేఖ మిగతా రెండు భుజాలను ఒకే నిష్పత్తిలో విభజిస్తుంది అనేది. పుస్తకంలో త్రిభుజం పేరు ఏబీసీ. నేను కావాలనే పీక్యూఆర్ అని ఇచ్చాను. రోజూ నాలుగింటికి లేచే పిల్లాడొకడు పటం దగ్గర పీక్యూఆర్ అని రాసి, నిరూపణ మొత్తం ఏబీసీతో దించేశాడు. ఒక్క అక్షరం పొల్లు పోలేదు. దగ్గరికి పిలిచి, ఈ రెండు చిన్న త్రిభుజాల వైశాల్యాలు ఎందుకు సమానమయ్యాయిరా అని అడిగాను. రెండింటికీ భూమి ఒకటే, రెండూ అవే సమాంతర రేఖల మధ్య ఉన్నాయి అని చెబితే చాలు. వాడు తల వంచుకున్నాడు. పద్దెనిమిది సార్లు చదివాను సార్ అన్నాడు. అబద్ధం చెప్పే పిల్లాడు కాదు.

ఆ పిల్లాడికి కష్టపడటం వచ్చు. పుస్తకం మూయడం ఎవరూ నేర్పలేదు.

చదివిందే మళ్లీ మళ్లీ చదివితే మనకు వచ్చేసినట్టు అనిపిస్తుంది, కళ్లకు అలవాటైన పేజీ కాబట్టి. అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు 2006లో కాలేజీ విద్యార్థుల మీద దీన్ని పరీక్షించారు. ఒకే పాఠాన్ని కొందరు మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే తారుమారైంది, చూడకుండా రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మన పిల్లలు మోసపోయేది ఆ ఐదు నిమిషాల దగ్గరే. పొద్దున చదివింది ఎనిమిదింటికి అప్పజెబుతారు, మార్చికి గుర్తుండదు.

కాబట్టి నా పిల్లలకు చెప్పేది ఇది. ఒక పేజీ చదువు. పుస్తకం మూసి బోర్లా పెట్టు. రఫ్ నోట్సులో గుర్తున్నంత రాయి. తెరిచి, తప్పిపోయింది ఎర్ర పెన్నుతో చేర్చు. రేపు పొద్దున ఆ ఎర్ర ముక్కలే ముందు అడుగు, మూడు రోజులాగి మళ్లీ అడుగు, వారమాగి ఇంకోసారి. లెక్కలైతే ఒకే అధ్యాయంలో ఇరవై వరసగా చేయొద్దు. శ్రేఢుల్లో రెండు, త్రికోణమితిలో రెండు, సంభావ్యతలో ఒకటి కలిపి చేయి. పరీక్షలో ఇది ఏ అధ్యాయం లెక్కో ఎవరూ చెప్పరు, అది గుర్తుపట్టడమే సగం పని. ఇలా గంట కూర్చుంటే పిల్లాడు అలసిపోతాడు. మూడు గంటలు కూర్చున్నా అలసిపోలేదంటే పుస్తకం మూయలేదని నాకు తెలిసిపోతుంది.

ఆంధ్రాలో మాకు ఇంకో చిక్కుంది, అది కూడా చెప్పాలి. 2024 నుంచి పదో తరగతిలో లెక్కలు, సైన్సు ఎన్సీఈఆర్టీ పుస్తకాలే. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. అంత మంచి ఏర్పాటు ఉన్నా చాలామంది పిల్లలు తెలుగు పేజీ వైపు చూడరు. పరీక్ష ఇంగ్లీషులో కదా అని ఇంగ్లీషు వాక్యాలే బట్టీ పడతారు. ముందు తెలుగు పేజీ చదివి విషయం పట్టుకో, తర్వాత ఇంగ్లీషులో నీ మాటల్లో రాయి అని మొత్తుకుంటాను. తెలుగు పేజీ చదవడం నామోషీ అనుకునే పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

తెలుగు పండితుడు, విశ్రాంత

మాస్టారూ, బట్టీని మరీ అంత చిన్నచూపు చూడకండి. పద్యం ప్రతిపదార్థం రాయాలన్నా, ఛందస్సులో గణాలు గుర్తించాలన్నా ముందు పద్యం నోటికి రావాలి. మా చిన్నప్పుడు సాయంత్రం అరుగు మీద నిలబెట్టి ఎక్కాలు, శతక పద్యాలు అప్పజెప్పించుకునేవారు. పదహారో ఎక్కం మధ్యలో ఆగితే మళ్లీ మొదటి నుంచే.

లెక్కల మాస్టారు, జిల్లా పరిషత్ హైస్కూలు

పంతులుగారూ, మీరు చెప్పిందీ నేను చెప్పిందీ ఒకటే. అప్పజెప్పడమంటే పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడమే కదండీ. ఎదురుగా వినేవాడు ఉంటాడు కాబట్టి తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది. ఇప్పుడు పోయింది ఆ వినేవాడే. ఇంట్లో ఎవరైనా పది నిమిషాలు పుస్తకం చేతిలో పట్టుకుని వింటే చాలు, చదువు రాని అమ్మ విన్నా ఫరవాలేదు. తడబడితే ఆవిడకి తెలిసిపోతుంది.

గురుకులం పూర్వ విద్యార్థి

కాలిఫోర్నియా సార్ అడిగారు కదా, మాకు రాత్రి తొమ్మిదిన్నరకే లైట్లు ఆర్పేసేవాళ్లు. అంటే ఏడున్నర గంటల నిద్ర ఉండేది, ఒప్పుకుంటాను. రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టి నాలుగింటికి లేపమని నేనూ అనను.

కానీ మాస్టారి మాటతో ఒక భయం ఉంది. పద్ధతి ముఖ్యం, టైము కాదు అంటే పిల్లలు టైము వదిలేస్తారు, పద్ధతీ పట్టరు. కరోనా వల్ల 2020, 2021లో ఆంధ్రాలో పరీక్ష లేకుండానే అందరినీ పాస్ చేశారు. 2022లో మళ్లీ పరీక్ష పెడితే 67.26 శాతమే పాసయ్యారు. బడీ, బెల్లూ లేక కూర్చునే అలవాటు పోయింది. అది మళ్లీ రావడానికి ఎంత కష్టమైందో మీకే బాగా తెలుసు.

లెక్కల మాస్టారు, జిల్లా పరిషత్ హైస్కూలు

ఆ ఏడాది పేపర్లు నేనూ దిద్దాను. ఖాళీ పేజీలు చూసి ఏడుపొచ్చింది. ఆ పిల్లలు రెండేళ్లు పాఠం వినలేదు, అది అసలు కారణం. కూర్చునే అలవాటు పోయిన మాట మాత్రం నిజమే, కాదనను. రోజూ ఒకే టైముకు, ఒకే చోట కూర్చోవాలి. ఆ టైము నాలుగే కానక్కర్లేదు అంటున్నాను. రెండు రాష్ట్రాల్లోనూ పరీక్ష తొమ్మిదిన్నరకు మొదలవుతుంది. మాకు చాలా పేపర్లకు మూడుంబావు గంటలు రాయాలి. ఆ టైములో చురుగ్గా ఉండాల్సిన పిల్లాడిని రెండు నెలల పాటు రెండో పీరియడ్‌కే కునికిపాట్లు పడేలా తయారుచేస్తున్నాం.

సోషల్ మేడమ్ చెప్పిన ఆడపిల్లల సంగతి వేరు. వాళ్లకు తెల్లవారుజాము తీసేయమనే హక్కు నాకు లేదు. వాళ్ల కోసం బడి చేయాల్సింది ఒకటుంది. సాయంత్రం స్పెషల్ క్లాసులో మనం మళ్లీ పాఠం చెప్పేస్తున్నాం. చెప్పడం ఆపి, ఆ గంట వాళ్లనే రాయనివ్వాలి. ఇంట్లో దొరకని బల్లా, లైటూ బడిలో ఉన్నాయి.

సోషల్ మేడమ్, కర్నూలు జిల్లా

ఇది ఒప్పుకుంటాను మాస్టారూ. మావాళ్లకు ఆ గంటలో ఆకలి కూడా పెద్ద సమస్య. మధ్యాహ్న భోజనం తర్వాత ఆరింటిదాకా కడుపులో ఏమీ పడదు. మేం టీచర్లం తలా కొంత వేసుకుని ఉడికించిన శనగలు పెట్టిస్తే వెనక బెంచీల్లో తలలు లేచాయి. నిద్ర, తిండి రెండూ చూడకుండా పిల్లల్ని సోమరులు అనకూడదని నాకు అక్కడే తెలిసొచ్చింది.

పదో తరగతి అమ్మ, ఖమ్మం

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న స్కూలుకు వెళ్లి క్లాస్ టీచర్ గారితో మాట్లాడాను. మావాణ్ని పదింటికి పడుకోబెట్టి ఐదున్నరకు లేపుతానన్నాను. నాలుగింటి ఫోన్‌కు బదులు రాత్రి ఎనిమిదిన్నరకు చేసి, ఆ రోజు పాఠంలో ఒక్క ప్రశ్న అడగమని బతిమాలాను. ఆయన మొదట ఒప్పుకోలేదు, మిగతావాళ్లంతా అడుగుతారన్నారు. చివరికి ప్రీ ఫైనల్ దాకా చూద్దామన్నారు.

రాత్రి మావారే పుస్తకం పట్టుకుని విన్నారు. జాతీయోద్యమం పాఠం. వాడు రెండు నిమిషాలు చెప్పి ఆగిపోయాడు, అప్పుడు వాడికే కంగారు పుట్టి పుస్తకం లాక్కుని చూసుకున్నాడు. పదిహేను రోజులుగా అదే పాఠం చదువుతున్నాడు. ఎంత వచ్చో, ఎంత రాలేదో ఇంట్లో మాకెవరికీ నిన్నటిదాకా తెలియదు.

గురుకులం పూర్వ విద్యార్థి

మంచి పని చేశారమ్మా. ఐదున్నర కాస్త ఆలస్యమే నా లెక్కలో, ఐదు చేయండి. ఆదివారం కూడా అదే టైముకు లేపండి, ఒక్కరోజు తొమ్మిది దాకా పడుకోనిచ్చారంటే సోమవారం మళ్లీ మొదటికొస్తుంది. ప్రీ ఫైనల్ మార్కులు రాగానే ఇక్కడ రాయండి, తగ్గినా సరే దాచకుండా రాయండి.