రివాయతా? రివాయాతా?

కడపోడు: నిన్నట్నుంచి ఒక లైను తల్లో తిరుగుతాంది. "యే ఉమ్మత్ రివా... మే ఖో గయీ". ఉర్దూ కవి ఇక్బాల్‌దే, అందులో డౌటు లేదు. ఈ ముస్లిం సమాజం దేంట్లోనో పడి తప్పిపోయిందంటాడు. మధ్యలో రివాజా (ఆచారం), రివాయతా? ఖురాన్ ఒక్కటే చాలనే అహ్లె ఖురాన్ వాళ్ల గురించి చదవతాంటే ఎవరో హదీసుల (ప్రవక్త మాటలు, పనుల గురించి చెప్పుకొచ్చినవి) మీద దెప్పుతూ ఈ ముక్క వాడినారు.

పాతబస్తీ: సాఖీనామా అనే కవిత అన్నా, బాలె జిబ్రీల్ పుస్తకంల, 1935. పై లైను "హఖీఖత్ ఖురాఫాత్ మే ఖో గయీ". నిజం కట్టుకథలల్ల పోయిందని. ఖురాఫాత్‌కు ప్రాసల జోడీ రివాజు ఎట్లయితది? రివాయాతే.

గణాల మాస్టారు: యా దీర్ఘం, మర్చిపోవద్దు. యె ఉమ్మత్ / రివాయా / త మే ఖో / గయీ. మూడు య గణాలు (లఘువు, రెండు గురువులు), చివర లగం (లఘువు, గురువు). మన భుజంగప్రయాతంలో ఆఖరి గురువు కోసేస్తే ఇదే నడక. రివాయత్ అని కుదిస్తే రెండో గణం దాటగానే కుంటుతుంది.

కడపోడు: దీర్ఘం సరే సార్, అర్థం? హదీసులేనా?

పాతబస్తీ: హదీసు చెప్పినోడు రావీ, చెప్పింది రివాయత్. ఇంకేం గావాలె? 1902ల లాహోర్‌ల అహ్లె ఖురాన్ మొదలువెట్టిన చక్రాలవీ సాబ్ అంతకుముందు హదీసులే ముఖ్యమనే అహ్లె హదీస్ మనిషే, అసొంటాయన నమాజ్ ఎట్ల చదవాల్నో కూడా ఖురాన్‌లకెల్లే తీస్తనని కూసున్నడు. ఖురాన్‌కే పెద్దపీట వేసిన పర్వేజ్ సాబ్ పత్రిక తులూయె ఇస్లాం పేరు కూడా ఇక్బాల్ కవితదే.

ఓరుగల్లు: పేరు వెట్టుకుంటే ఇక్బాల్ వాళ్లోడు అయిపోతడా? ఇంకో రెండు లైన్లు పైకి పోండ్రి, "తమద్దున్, తసవ్వుఫ్, షరీఅత్, కలామ్, బుతానె అజమ్ కే పుజారీ తమామ్". నాగరికత, సూఫీ మార్గం, షరీఅత్, మత తర్కం, అన్నీ అరబ్బేతర విగ్రహాలకు పూజారులేనట. సూఫీలను, షరీఅత్‌ను, అందర్నీ కలిపి కడిగిండు, ఒక్క హదీసులనే అన్నట్టు లేదు. ఇంగ్లీష్ లెక్చర్లల్ల కూడా హదీసులు పారెయ్యమనలే, చట్టానికి పనికొచ్చేవి వేరు, మిగతావి వేరు అన్నడు, మతచట్టం ఇమాం అబూ హనీఫా మొదటి రకం హదీసులను దాదాపు వాడనే లేదన్నడు.

పాతబస్తీ: అదే నేనంటున్న! అంత దూరం పోయినోడు రివాయాత్ అన్న మాట ఊకెనే వేస్తడా?

గణాల మాస్టారు: ఆ లెక్చర్లకే 1929లో మద్రాసు, మైసూరు అయ్యాక మన హైదరాబాద్ వచ్చి కూడా మాట్లాడాడండీ ఆయన. ఆ ఇంగ్లీష్ వచనం కన్నా నాకు సాఖీనామా మొదట్లో కొండవాగు దూకే పద్యాలే ఇష్టం, ఆ నడకకి ఈ గణమే సరి.

ఓరుగల్లు: మరి ఆయన ఇంకో పుస్తకం జర్బె కలీంల "ఖుద్ బదల్తే నహీఁ ఖుర్ఆఁ కో బదల్ దేతే హైఁ" అన్నది? తాము మారరు, ఖురాన్‌నే మార్చేస్తరని. ముల్లాలను అన్నడు గని అహ్లె ఖురాన్ వాళ్లకు కూడా తగుల్తది.

పాతబస్తీ: తగల్దు, కింది లైన్ల ఫఖీహాఁ (మతచట్టం పండితులు) అని పేరు వెట్టి మరీ తిట్టిండు.

గణాల మాస్టారు: ఇది వేరే బహర్ (ఛందస్సు). ఖుర్ ఆఁ, రెండూ గురువులే, చివరి న ముక్కులో పోవాలి. ఖురాన్ అని మనలా చదివితే ఇదీ చెడుతుంది.