విద్యార్థుల ఆరోగ్యం కోసం ఆన్‌లైన్ వనరులు: ఏవి పెట్టాలి, ఏవి వద్దు?

ప్రశ్న:
మా కళాశాల ఆరోగ్య కమిటీ తరఫున నిద్ర, వ్యాయామం, మానసిక ఆరోగ్యం గురించి నమ్మదగిన ఆన్‌లైన్ సమాచారాన్ని విద్యార్థుల కోసం ఒకచోట చేర్చాలనుకుంటున్నాము. కుంగుబాటును గుర్తించే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిని కూడా అందులో పెడదామని కొందరు సభ్యులు పట్టుబడుతున్నారు. ఇది సబబేనా? అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1:
సమాచారం వరకైతే అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే మెడ్‌లైన్‌ప్లస్ మంచి ఆధారం. అందులో వాణిజ్య ప్రకటనలు ఉండవు. అయితే యాభై లింకుల జాబితా ఇస్తే ఎవరూ తెరవరు. వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఆ మాటనే "వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున చురుగ్గా నడిస్తే చాలు" అని చెబితే విద్యార్థికి ఏం చేయాలో వెంటనే తెలుస్తుంది.

సమాధానం 2:
ప్రశ్నావళి విషయంలో తొందరపడవద్దని నా మనవి. గత రెండు వారాల పరిస్థితిపై తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పది లేదా అంతకన్నా ఎక్కువ వస్తే నిపుణులను కలవమని సాధారణంగా సూచిస్తారు. అది వ్యాధి నిర్ధారణ కాదన్న హెచ్చరిక అందరూ పెడతారు. అసలు చిక్కు తొమ్మిదో ప్రశ్నతో వస్తుంది. చనిపోతే బాగుండుననే, తనకు తాను హాని చేసుకోవాలనే ఆలోచనలు వస్తున్నాయా అని అది అడుగుతుంది. అర్ధరాత్రి ఒక విద్యార్థి దానికి "దాదాపు ప్రతిరోజూ" అని గుర్తు పెడితే, తెరపై మార్కులు మాత్రమే కనిపించడం క్షమించరాని నిర్లక్ష్యం. పేరు అడగకపోతేనే నిజం చెబుతారు. పేరు లేకపోతే మనం వారిని వెతికి పట్టుకోలేము. అందుకని, ఆ జవాబు ఇచ్చిన మరుక్షణమే, మార్కులకన్నా ముందు, రాత్రిపగలు పనిచేసే సహాయవాణి నంబరు ఒక్క తాకుతో కలిసేలా కనిపించాలి. అంత ఏర్పాటు చేయలేకపోతే ప్రశ్నావళిని పెట్టకపోవడమే మేలు.

సమాధానం 3:
మద్యం విషయంలో ఒక పద్ధతి పరిశీలించండి. తోటివారు తాగేది ఉన్నదానికన్నా ఎక్కువని విద్యార్థులు ఊహించుకుంటారు. అజ్ఞాత సర్వేలో తేలిన అసలు లెక్కను వారి ఊహ పక్కన చూపిస్తే తాగుడు కొంత తగ్గుతుంది. ఫలితం స్వల్పమే, కానీ ఖర్చూ స్వల్పమే.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ముందుగా నిద్ర, వ్యాయామం గురించిన సమాచారమే పెడతాము. సహాయవాణి ఏర్పాటు ఖరారయ్యే దాకా ప్రశ్నావళిని ఆపమని కమిటీకి చెబుతాను.