'రాక్ ఎరౌండ్ ది క్లాక్' ఎల్పీ: ఆల్బమా, సింగిల్స్ మూటా?

పాతరికార్డు: అమెరికా తెల్ల గాయకుడు బిల్ హేలీ 'రాక్ ఎరౌండ్ ది క్లాక్' ఎల్పీని (చాలా పాటలు పట్టే పెద్ద రికార్డు) రాక్ అండ్ రోల్‌లో మొదటి గొప్ప ఆల్బమ్ అని నిన్న ఇక్కడ ఒకరు రాశారు. నేనొప్పుకోను. 1955 డిసెంబర్‌లో డెక్కా కంపెనీ, అప్పటికే సింగిల్స్‌గా, అంటే వైపుకో పాట ఉండే చిన్న రికార్డులుగా అమ్మేసిన 12 పాటలు ఏరి, హిట్ పాట పేరు అట్ట మీద వేసి మళ్లీ అమ్మింది. అంతే.

గోదారి_గిటార్: కొనేది కుర్రాళ్లండీ, వాళ్ల జేబుకి అందేది సింగిలే. రాక్ ఎల్పీలు అప్పుడిలాగే ఉండేవి. అయినా 'రాక్ ఎరౌండ్ ది క్లాక్' పాట మధ్యలో డానీ సెడ్రోన్ వాయించిన గిటార్ సోలో ఒక్కటి చాలు.

పాతరికార్డు: అదే ఏడాది గాయకుడు సినాట్రా ఆల్బమ్ 'ఇన్ ది వీ స్మాల్ అవర్స్' వచ్చింది. మొదటి నుంచి చివరిదాకా ఒకటే మూడ్. ఇక మీ సోలో అంటారా, 1952లో హేలీ పాట 'రాక్ ది జాయింట్'కి వాయించిందే మళ్లీ వాయించాడు.

బెజవాడ బాబు: సినాట్రాకీ దీనికీ పోలికేంటి గురూ 😀

గోదారి_గిటార్: మళ్లీ వాయిస్తే తప్పా? 1954 ఏప్రిల్ 12న రికార్డింగ్, జూన్‌లో మెట్ల మీంచి పడి చనిపోయాడు. అప్పటికి ఆ పాట సింగిల్‌కి రెండో వైపు మాత్రమే. మరుసటి ఏడాది 'బ్లాక్‌బోర్డ్ జంగిల్' సినిమా టైటిల్స్‌లో మోగాక కదా నంబర్ వన్ అయి ఎనిమిది వారాలు ఉంది! నేనూ ఒక భక్తి క్యాసెట్‌కి వాయించాను. అట్ట మీద తబలా ఆయన పేరుంది, నాది లేదు. ఆ బాధ మీకేం తెలుసు?

పాతరికార్డు: మీ క్యాసెట్‌కీ దీనికీ ఏంటండీ సంబంధం?

మల్కాజిగిరి శ్రీను: పేర్ల మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా. ఈ ఎల్పీలో ఉన్న 'షేక్, రాటిల్ అండ్ రోల్' ముందు పాడింది నల్లజాతి గాయకుడు బిగ్ జో టర్నర్. నల్లవాళ్ల సంగీతానికి ఉండే ఆర్ అండ్ బీ చార్టులో నంబర్ వన్. హేలీ ఘాటు మాటలు తీసేసి పాడాడు.

గోదారి_గిటార్: మొదలెట్టారూ! ఇక హేలీ దొంగ అంటారు.

మల్కాజిగిరి శ్రీను: అనలేదే. సెడ్రోన్‌కి పేరు రాలేదని మీకు బాధ, టర్నర్ పేరెత్తితే చిరాకు.

పాతరికార్డు: నా మంట కూడా అక్కడే. దీన్ని "మొదటిది" అంటే, ఇలాంటి పాటలు ముందే పాడిన టర్నర్, లూయీ జోర్డాన్ లాంటి నల్లవాళ్లు లెక్కలోంచి పోతారు. హేలీ చేత 'రాక్ ఎరౌండ్ ది క్లాక్' చేయించిన డెక్కా ప్రొడ్యూసర్ మిల్ట్ గాబ్లర్ అంతకుముందు జోర్డాన్ రికార్డులు చేసినవాడే.

గోదారి_గిటార్: ఆ ముక్క మొదటే అనాల్సింది, సినాట్రాని లాగడమెందుకు? సోలో మీద అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోండి.

పాతరికార్డు: తీసుకోను. రెండు పాటలూ పక్కపక్కన పెట్టుకుని వినండి.