తెల్ల కొంగ ఈకలు కాలిపోతున్నాయి: ఎక్స్‌పోజర్ ఎలా పెట్టాలి?

గట్టుమీద_కెమెరా:
కొల్లేరులో ఆటపాక దగ్గర తీస్తున్నానండి. కొంగ గుర్రపుడెక్క ముందు నిలబడితే ఒళ్ళంతా తెల్లటి ముద్ద, ఈక గీతలే కనపడకుండా కాలిపోతోంది. అదే కొంగ ఆకాశంలోకి లేస్తే బూడిద రంగు. అపెర్చర్ ప్రయారిటీ (షట్టర్ వేగం కెమెరాయే ఎంచుకునే మోడ్), మ్యాట్రిక్స్ మీటరింగ్ (ఫ్రేమ్ మొత్తం వెలుగు చూసి కొలిచే పద్ధతి) వాడుతున్నాను. ఏం మార్చాలి?

నీటిపక్షి:
ఫ్రేమ్ నిండా ముదురు ఆకులుంటే మీటర్ వాటిని మధ్యస్థ బూడిద రంగుకి లేపుతుంది, దాంతో కొంగ కాలిపోతుంది. వెనక వెలుగైన ఆకాశం ఉంటే ఇదే తిరగబడి కొంగ బూడిద రంగవుతుంది. కొంగ మీద పడే ఎండ మాత్రం మారలేదు కదా! అందుకే అంకెలన్నీ మనమే పెట్టే మాన్యువల్‌కి వెళ్ళండి. సూర్యుడు మీ వీపు వెనక, పూర్తి ఎండ ఉంటే ఐఎస్‌ఓ (వెలుగుకి స్పందన) 400, అపెర్చర్ ఎఫ్/8, షట్టర్ వేగం 1/3200 సెకనుతో మొదలుపెట్టండి. మామూలు రంగు పక్షికైతే 1/1600 చాలు. తెలుపుకి ఒక స్టాప్ తగ్గించాలి, అంటే వెలుగు సగం చేయాలి. వెనక ఏమొచ్చినా ఆ అంకెలు కదపొద్దు.

రెండోకన్ను:
ఆటో ఐఎస్‌ఓ ఆపారా? అది ఆన్‌లో ఉంటే మాన్యువల్ పేరుకే, మళ్ళీ మీటరే నడిపిస్తుంది. ఒక షాట్ తీసి, వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్ అయిన హిస్టోగ్రామ్‌లో మూడు రంగులూ విడివిడిగా చూడండి. పొద్దుటి పసుపు ఎండలో ఎరుపు ఛానెల్ ముందుగా కుడి అంచుకి తగులుతుంది, అంటే ఆ రంగు కాలినట్టే. మొత్తం వెలుగు చూపే తెల్ల గ్రాఫ్‌లో అది తెలియకపోవచ్చు. మెడ, వీపు మీద కాలిన చోటు చూపే హెచ్చరిక మిణుకుమంటే 1/3 స్టాప్ చొప్పున తగ్గించండి. తడి ముక్కు మీది మెరుపు చుక్కని వదిలేయండి.

నీటిపక్షి:
అవును, ఆ సంగతి ముఖ్యం. మబ్బు అడ్డొస్తే మాత్రం మళ్ళీ కొలుచుకోవాల్సిందే. రా ఫైల్ (సెన్సర్ పట్టిన సమాచారం మొత్తం ఉండేది) తీయండి. ఆకులు నల్లబడితే తర్వాత ఎడిటింగ్‌లో షాడోస్ (చీకటి భాగాలు) లేపుకోవచ్చు, పూర్తిగా కాలిన ఈక గీతలు తిరిగి రావు.