మిడిల్ ఎర్త్: మధ్యభూమా, మధ్యమలోకమా, నట్టిల్లా?

ప్రశ్న:

మాస్టారూ, నమస్కారం. టోల్కీన్ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ నవల నుంచి కొన్ని అధ్యాయాలను మా పిల్లల కోసం తెలుగులో రాసుకుంటున్నాను. కథ జరిగే లోకం పేరు ‘మిడిల్ ఎర్త్’ దగ్గర కలం ఆగిపోయింది. ‘మధ్యభూమి’ అని రాసి చదివి వినిపిస్తే, “మధ్యప్రదేశ్ లాగానా అమ్మా?” అన్నాడు మా అబ్బాయి. ఎలాగూ ఊహాలోకమే కదా, పేరును అలాగే ఉంచేయమని ఒక స్నేహితురాలు అంటోంది. మీరేమంటారు?

జవాబు:

అమ్మా, మీ అబ్బాయి చెవి మంచిది. ‘మధ్యభూమి’ అనగానే పటంలో నాలుగు దేశాల నడుమ ఉన్న ఒక ప్రాంతమే మనసుకు తోస్తుంది. మూలంలో ఆ మాటకు ఆ అర్థం లేదు. అది మనుషులు కాపురముంటున్న ఈ లోకానికి పాత ఇంగ్లీషులో ఉన్న పేరు. టోల్కీన్ దాన్ని కల్పించలేదు. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లీషు చెప్పిన ఆచార్యుడు. యౌవనంలో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కార్యాలయంలోనూ పనిచేశాడు. మాట పుట్టుక తేల్చుకోకుండా కథ మొదలుపెట్టే మనిషి కాదు. తన కథ జరిగేది మనం నివసించే ఈ భూమి మీదే అనీ, కల్పితమైనది కాలం మాత్రమేననీ ఆయన ఉత్తరాలలో స్పష్టంగా చెప్పుకున్నాడు. అందుచేత ‘ఊహాలోకం’ అన్న మాటనే నేను ముందుగా పక్కన పెడతాను.

పాత ఇంగ్లీషులో ఆ మాట ‘మిడ్డన్‌యార్డ్’. స్కాండినేవియా పురాణాల్లోని ‘మిడ్‌గార్డ్’ దీని తోబుట్టువు. మొదటి సగం మన ‘మధ్య’కు జ్ఞాతి, రెండూ ఒకే ఇండో యూరోపియన్ మూలం నుంచి వచ్చాయి. రెండో సగం ‘యార్డ్’. మార్కెట్ యార్డు, రైల్వే యార్డు అని మనం రోజూ అంటున్న మాటే ఇది. కంచెతోనో గోడతోనో చుట్టిన ఆవరణ అని దాని అర్థం. సంస్కృతంలోని ‘గృహం’ కూడా ఈ కుటుంబానిదేనని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు.

మరి ‘ఎర్త్’ ఎక్కడి నుంచి వచ్చింది? కాలం గడిచేకొద్దీ ‘యార్డ్’ను జనం ‘ఎర్డ్’గా విన్నారు. నివాసం, నేల అనే అర్థాలు గల మరో మాట అది. ఆ తరువాత అదీ ‘ఎర్త్’ అయింది. అంటే ఇంగ్లీషువారి నోట ఆవరణ కాస్తా భూమిగా మారిపోయింది. ఆ ‘ఎర్త్’ను చూసి మనం ‘భూమి’ అని రాస్తే, వాళ్ల పొరపాటును మనం మళ్లీ తెలుగులో చేసినట్టు అవుతుంది.

ఇంగ్లీషులో కర్త పేరు తెలిసిన కవితల్లో తొలినాటిదిగా చెప్పుకునే కాడ్మన్ స్తోత్రంలో ఈ మాట ఉంది. కాడ్మన్ 7వ శతాబ్దంలో విట్బీ మఠంలో పశువులు కాచుకునేవాడు. పాట రాదని విందుల నుంచి లేచి వెళ్లిపోయేవాడట. ఒక రాత్రి కలలో ఎవరో నిలబడి సృష్టిని గురించి పాడమన్నారనీ, అతను పాడాడనీ బీడ్ అనే చరిత్రకారుడు రాశాడు. గ్రహణం నాటి ధ్యానంలో రామభద్రుడు కనిపించి భాగవతం తెలుగు చేయమన్నాడని పోతన చెప్పుకున్న మాట మనకు గుర్తు రాక మానదు. అది అలా ఉంచి, ఆ స్తోత్రంలోని వరస చూడండి. దేవుడు మనుషుల కోసం ముందు ఆకాశాన్ని పైకప్పుగా నిలిపాడు, ఆ తరువాత మిడ్డన్‌యార్డ్‌ను అమర్చాడు. పైకప్పు వేసి, కింద ఆవరణ కట్టాడు! కవి మనసులో ఉన్నది ఇల్లు.

వ్యాఖ్య (మరొక సభ్యుడు):

మాస్టారూ, అయితే ‘మధ్యమలోకం’ సరిపోతుంది కదా? రఘువంశం రెండో సర్గలో నందినీ ధేనువు వెంట నడిచే దిలీపుణ్ణి కాళిదాసు ‘మధ్యమలోకపాలః’ అన్నాడు. స్వర్గానికీ పాతాళానికీ నడుమ ఉన్నది కాబట్టి భూలోకం మధ్యమలోకం. కాళిదాసే వాడిన మాట చేతిలో ఉండగా ఇంకా వెతకడం ఎందుకు?

జవాబు:

మంచి ప్రయోగం గుర్తు చేశారు. మొదట నా మనసూ అటే వెళ్లింది. కానీ ఒక చిక్కు ఉంది. వేదంలో మధ్యస్థానం భూమిది కాదు. భూః, భువః, సువః అన్నప్పుడు నడిమిది అంతరిక్షం. యాస్కుడు నిరుక్తంలో దేవతలను మూడు స్థానాలుగా విభజించినప్పుడు కూడా ఇంద్రుడూ వాయువూ ఉన్న అంతరిక్షాన్నే మధ్యమస్థానం అన్నాడు. స్వర్గ, మర్త్య, పాతాళాల లెక్కలో మనది నడిమి లోకం, పృథివి, అంతరిక్షం, ద్యులోకం లెక్కలో మనది అడుగు లోకం.

ఇక్కడే స్కాండినేవియా కథను పక్కన పెట్టి చూడాలి. ఇమిర్ అనే ఆదిమ దైత్యుణ్ణి దేవతలు చంపి, అతని మాంసంతో నేలను, నెత్తుటితో సముద్రాన్ని, ఎముకలతో కొండలను, పుర్రెతో ఆకాశాన్ని చేశారు. అతని కనుబొమలతో మనుషుల కోసం మిడ్‌గార్డ్ అనే దడి కట్టారు. పురుషసూక్తం వచ్చినవారికి ఈ కథ కొత్తగా అనిపించదు. ‘నాభ్యా ఆసీదంతరిక్షం, శీర్ష్ణో ద్యౌః సమవర్తత, పద్భ్యాం భూమిః’ అని మనవాళ్లూ ఒక మహాదేహాన్ని లోకాలుగా పంచారు. తల ఆకాశం కావడం రెండింటిలోనూ ఉంది. నడిమి దగ్గరే దారులు వేరయ్యాయి. మనకు నాభి నుంచి అంతరిక్షం పుట్టింది, వారికి కనుబొమల నుంచి మనుషుల కోట లేచింది. ఇంకొక తేడా నాకు మరీ ముఖ్యం. పురుషసూక్తంలో జరిగింది యజ్ఞం. అక్కడ జరిగింది వధ, ఆ పైన రక్షణ కోసం గోడ. దైత్యులు గోడ అవతల ఇంకా ఉన్నారు. ఆ భయం ‘మధ్యమలోకం’లో వినిపించదు. ‘మధ్యమలోకం’ ఎత్తును చెబుతుంది, ‘మిడ్‌గార్డ్’ హద్దును చెబుతుంది.

‘మర్త్యలోకం’ కూడా ఆలోచించాను. తన కథలోని అసలు విషయం మృత్యువూ అమరత్వమూ అని టోల్కీన్ స్వయంగా అన్నాడు కాబట్టి, ఆ మాట దగ్గరగానే వస్తుంది. అయితే ఆ నేల మీద ఎల్ఫులు అనే చావులేని జాతివాళ్లు కూడా మనుషుల పక్కనే బతుకుతారు. లోకానికి కట్టుబడి ఉండిపోవడమే వాళ్ల దుఃఖం. లోకాన్ని మర్త్యుల పేర రాసేస్తే ఆ దుఃఖానికి చోటు ఉండదు.

ఇక నా మాట చెబుతాను. ముప్ఫై ఏళ్లు బడిలో ద్విరుక్త టకార సంధి చెప్పాను. చిఱు + ఎలుక చిట్టెలుక, నిడు + ఊర్పు నిట్టూర్పు, నడు + ఇల్లు నట్టిల్లు. ఎన్ని వందల సార్లు నల్లబల్ల మీద రాశానో! మొన్న మీ ప్రశ్న చదివి ‘మిడ్‌గార్డ్’ను విడదీసి కాగితం మీద పెట్టుకున్నాను. మిడ్ అంటే నడు, గార్డ్ అంటే చుట్టుగోడ గల నివాసం. నడు + ఇల్లు. నట్టిల్లు! ఆ క్షణంలో కలిగిన సంతోషం మీకు ఎలా చెప్పను. మన ‘నడు’ ద్రావిడం, వారి ‘మిడ్’ ఇండో యూరోపియన్. రెండు మాటలకూ రక్తసంబంధం ఏమీ లేదు. అయినా కట్టడం ఒక్కటే. పైగా తెలుగులో నట్టిల్లు కేవలం ఇంటి మధ్య గది కాదు. లక్ష్మి నట్టింట నడయాడుతుంది అంటాం. ఇంటివాళ్లు నిర్భయంగా కూర్చునే చోటు అది.

వ్యాఖ్య (మరొక సభ్యురాలు):

నాదొక సందేహం మాస్టారూ. ఈ మూలాల వేటతో నవలకు ఒరిగేది ఏమిటి? నవలలోని గాండాల్ఫ్ పేరు ఫలానా పద్యంలో ఉంది, ఫలానా కథ ఫిన్లాండ్ నుంచి వచ్చింది అని చెప్పడం విమర్శ అవుతుందా?

జవాబు:

మీ అసంతృప్తి న్యాయమైనదే తల్లీ. టోల్కీన్‌కూ ఇదే అసంతృప్తి ఉండేది. 1936లో బ్రిటిష్ అకాడమీలో ‘బేయోవుల్ఫ్’ అనే పాత ఇంగ్లీషు వీరకావ్యం మీద చేసిన ప్రసంగంలో ఒక చిన్న కథ చెప్పాడు. ఒకతను పాత రాళ్లతో బురుజు కట్టుకున్నాడు. ఆ రాళ్లు ఏ పాత కట్టడానివో తెలుసుకోవాలని స్నేహితులు బురుజును పడగొట్టారు. దాని పైకెక్కితే సముద్రం కనిపించేదన్న సంగతి వాళ్లకు తెలియనే లేదు.

అందుకే రాయి ఎక్కడిదో చెప్పి ఊరుకోకూడదు, కొత్త గోడలో అది ఏం మోస్తోందో చెప్పాలి. మీరన్న గాండాల్ఫ్‌నే చూద్దాం. ‘వొలుస్పా’ అనే పాత నార్స్ (స్కాండినేవియా పాత భాష) కవితలో మరుగుజ్జుల పేర్ల జాబితా ఒకటి ఉంది. థోరిన్, బొంబుర్, గాండాల్ఫ్ లాంటి పేర్లు అందులోవే. చాలామంది దాన్ని పొడి జాబితాగా దాటేశారు. టోల్కీన్ ఒక పేరు దగ్గర ఆగాడు. ‘గాండాల్ఫ్’ అంటే దండం పట్టిన ఎల్ఫు. మరుగుజ్జుల వరసలో ఎల్ఫుకు ఏం పని? టోల్కీన్ అంతకుముందు రాసిన ‘హాబిట్’ నవల తొలి చిత్తుప్రతిలో ఆ పేరు మరుగుజ్జుల నాయకుడిదే. తరువాతే అది చేతికర్ర పట్టిన ముసలి మాంత్రికుడికి చేరింది. జాబితాలో పొసగని ఒక పేరుకు జవాబుగా ఒక పాత్ర నిలబడింది. పదానికి అర్థం చెప్పడమే ఆయనకు కథ చెప్పడం.

ఇప్పుడు మన మాటకు వస్తాను. ‘నట్టిల్లు’ అని నేను మురిసిపోయిన రాత్రే నాకు నిద్ర పట్టలేదు. లోపల అన్నది ఉంటే బయట అన్నది ఉంటుంది. నార్స్ పురాణంలో మిడ్‌గార్డ్‌కు ఎదురు మాట ‘ఉట్‌గార్డ్’, గోడకు బయటి చోటు. దానికి తెలుగులో ఏమనాలి? ‘వెలి’. ఆ మాట రాయగానే చేయి ఆగిపోయింది. తెలుగు దేశంలో వెలి అన్నది పురాణం కాదు, ఊరి చివర నిలిచిన చరిత్ర.

‘బేయోవుల్ఫ్’లో సరిగ్గా ఇదే ఉంది. రాజు ఒక మహా సభాభవనం కట్టిస్తాడు. దాన్ని అలంకరించే పని మిడ్డన్‌యార్డ్ అంతటా ఉన్న జాతులకు అప్పగించాడని కవి 75వ పాదంలో చెబుతాడు. లోపల దీపాలు, విందు, వీణ, సృష్టి గానం. బయట చీకట్లో గ్రెండెల్ అనే రాక్షసుడు. రోజూ వినిపించే ఆ ఆనందం అతనికి బాధ. కవి అతన్ని హద్దుల్లో తిరిగేవాడు అంటాడు. అతని వంశం ఎక్కడిది? తమ్ముణ్ణి చంపి, దేవుడి చేత వెలివేయబడిన కయీనుది. ఆ సంతతిని వరసగా చెబుతున్న 112వ పాదంలోనే ‘ఓర్క్’ అనే పేరుకు మూలమైన మాట ఉంది. టోల్కీన్ తన దుష్టసైన్యానికి ఆ పేరు తీసుకున్నాడు. తీసుకున్న తరువాత జీవితాంతం కలవరపడ్డాడు. పుట్టుకతోనే చెడిపోయి, ఎన్నటికీ మారలేని జాతి ఒకటి ఉంటుందంటే ఆయన విశ్వాసం ఒప్పుకోలేదు. కథకేమో అలాంటి శత్రువు కావాల్సి వచ్చింది. ఓర్కుల పుట్టుక గురించి వృద్ధాప్యంలోనూ తిరగరాస్తూనే ఉన్నాడు, చివరికీ తేల్చలేకపోయాడు.

ఆధునిక ఫాంటసీ మీద జాతి గురించి వచ్చే ఆక్షేపణలను కొందరు ఇప్పటి రాజకీయాలని తోసిపుచ్చుతారు. నేను అంగీకరించలేను. ఆ ప్రశ్న మాటలోనే ఉంది. ఇంటి చుట్టూ గోడ కట్టిన రోజునే అది పుట్టింది. దీపాలకూ వీణకూ దూరంగా చీకట్లో నిలబడి వినేవాడి వైపు బేయోవుల్ఫ్ కవి ఒక్క క్షణమైనా చూశాడు. చాలా నవలలు ఆ మాత్రమూ చూడవు.

మొదట ప్రశ్న అడిగిన సభ్యురాలు:

మాస్టారూ, ఇంత చెప్పాక భయం వేస్తోంది. పిల్లల పుస్తకంలో చివరికి ఏ మాట రాయమంటారు?

జవాబు:

భయం వద్దమ్మా. మొదటి సంగతి, పేరును అలాగే ఉంచేయకండి. అనువాదకుల కోసం టోల్కీన్ స్వయంగా ఒక పేర్ల పట్టిక తయారుచేశాడు. ఇంగ్లీషు రూపంలో ఉన్న పేర్లను అర్థాన్ని బట్టి ఆయా భాషల్లోకి మార్చుకోమన్నాడు. జర్మన్‌లో ‘మిట్టెల్‌ఎర్డె’, ఫిన్నిష్‌లో ‘కెస్కి మా’ అన్నారు. స్వీడన్‌వాళ్లకు పాత మాట ఇంట్లోనే ఉంది, ‘మిడ్‌గోర్డ్’ అనేశారు.

కథ నడకలో ‘నడిమిలోకం’ అని రాయండి. ‘నడిమి’ అన్నది నడిమివేలు చూపించి పిల్లలకు చెప్పగలిగిన మాట. మధ్యప్రదేశ్ గుర్తు రాదు, అంతరిక్షమూ అడ్డు రాదు. ‘నట్టిల్లు’ను గద్యంలో వాడితే పాఠకుడు నాలుగు గోడలూ దూలాలూ చూస్తాడు, యుద్ధాలకు చోటు చాలదు. ఏదైనా పాటలో, ఇంటికి దూరమైనవాడు లోకాన్ని తలచుకునే చోట, ఒక్కసారి వాడి చూడండి.

మరొక్క సంగతి చెప్పి ముగిస్తాను. టోల్కీన్ విద్యార్థిగా ఉన్నప్పుడు ‘క్రీస్తు’ అనే పాత ఇంగ్లీషు కావ్యంలో రెండు పాదాలు చదివి నిలిచిపోయాడు. ఎక్సెటర్ ప్రధాన చర్చిలో భద్రంగా ఉన్న 10వ శతాబ్దపు వ్రాతప్రతిలోవి అవి. అందులోని ‘ఎయారెండెల్’ అనే నక్షత్రం పేరు ఆయన్ని వదల్లేదు. 1914 సెప్టెంబరులో దాని మీద ఒక కవిత రాశాడు. ఆయన పురాణమంతా అక్కడి నుంచి పెరిగింది. ఆ రెండో పాదంలో మన మాట కూడా ఉంది. రాత్రి కూర్చుని తెలుగు చేశాను. మీ పిల్లలకు చదివి వినిపించండి, చెవికి ఎక్కడ తట్టుకుందో నాకు రాయండి:

ఓ ఎయారెండెల్! వేల్పుదూతలలో మిక్కిలి వెలుగువాడా!
నడిమిలోకం మీద మనుషుల కోసం పంపబడినవాడా!