ఒకే పిచర్ సీజన్‌లో 60 మ్యాచ్‌లు గెలిపించాడంటే నమ్మాలా?

బ్రాడీపేట బుల్లోడు:
అన్నలూ, ఒక గొడవ తేల్చండి. అమెరికా నుంచి మా బావ గుంటూరు వచ్చాడు, ఆయనకి బేస్‌బాల్ పిచ్చి. 1884లో రాడ్‌బోర్న్ అనే పిచర్, అంటే మన బౌలర్ లాంటోడే, ప్రావిడెన్స్ టీమ్‌కి ఒక్కడే 60 మ్యాచ్‌లు గెలిపించాడంటాడు. ఈ రోజుల్లో పిచర్ 20 గెలిస్తేనే గొప్పట. పైగా నెట్‌లో ఒకచోట 59, ఇంకోచోట 60. లెక్కే కుదరట్లేదు, ఇదంతా కోతలే అంటాను నేను.

కృష్ణలంక కిట్టు:
కోతలు కాదు తమ్ముడూ. ఆ టీమ్‌కి ముఖ్యమైన పిచర్లు ఇద్దరే, రాడ్‌బోర్న్, చార్లీ స్వీనీ, వాళ్లిద్దరికీ పడదు. జులైలో రాడ్‌బోర్న్‌ని క్లబ్ సస్పెండ్ చేసింది. కొద్ది రోజులకే, జులై 22 మ్యాచ్‌లో, స్వీనీ వేస్తుండగా టీమ్ 6-2తో ముందుంది, ఇక నువ్వు రైట్ ఫీల్డ్‌కి, అంటే కుడివైపు దూరంగా ఫీల్డింగ్‌కి వెళ్లు, మిగతాది ఇంకో పిచర్ మిల్లర్ వేస్తాడని మేనేజర్ బ్యాంక్రాఫ్ట్ చెప్తే, మందు మీదున్న స్వీనీ ససేమిరా అని గ్రౌండ్ వదిలేసి పోయాడు. అప్పట్లో గాయమో జబ్బో అయితే తప్ప బయటి నుంచి మనిషిని దించే వీల్లేదు కదా, తొమ్మిది మందికి ఎనిమిది మందితోనే ఆడి 10-6తో ఓడిపోయారు. స్వీనీని తీసేశారు. ఇక క్లబ్‌కి గతి రాడ్‌బోర్నే, అతను మాత్రం ఊరికే వస్తాడా? మిగతా సీజనంతా నేనే వేస్తాను, అయ్యాక నన్ను రిజర్వ్ నుంచి వదిలేయండని బేరం పెట్టాడు. 1879లో ఓనర్లు కూడబలుక్కుని తెచ్చిన పద్ధతి అది, క్లబ్ ఒకసారి రిజర్వ్ చేసిందంటే ఆటగాడు ఇంకో క్లబ్‌కి పోయే వీలుండేది కాదు. ఐపీఎల్ రిటెన్షన్ లాంటిదే, కాకపోతే వేలంలోకి వెళ్లే దారి కూడా ఉండేది కాదు.

పటమట పంతులు:
59, 60 గొడవకి కారణం జులై 28 మ్యాచ్. బేస్‌బాల్‌లో మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్. మిల్లర్ ఐదు వేసి, టీమ్ ఆధిక్యంలో ఉండగా తప్పుకున్నాడు, చివరి నాలుగూ రాడ్‌బోర్న్ వేశాడు. ప్రతి గెలుపునీ ఒక పిచర్ ఖాతాలో రాస్తారు, కానీ ఎవరి ఖాతాలో రాయాలనే రూల్ అప్పటికి లేదు. ఇప్పటి రూల్ ప్రకారం అది మిల్లర్‌దే, నా ఓటు 59కే. దాన్ని పక్కన పెట్టినా ఆ సీజన్‌లో రాడ్‌బోర్న్ 73 మ్యాచ్‌లు మొదలుపెట్టి 73 తనే ముగించాడు, 678 ఇన్నింగ్స్ పైనే. చెయ్యెత్తి తల దువ్వుకోలేకపోయేవాడని కూడా చెప్తారు, అది మాత్రం ఎంతవరకు నిజమో.

కృష్ణలంక కిట్టు:
అప్పుడు పిచర్లు 50 అడుగుల దూరం నుంచే బంతి వేసేవాళ్లు, ఇప్పటి 60 అడుగుల 6 అంగుళాలు 1893లో వచ్చింది. బంతి పైకి కావాలో కిందకి కావాలో బ్యాటరే అడిగేవాడు. పోల్చేటప్పుడు అవి కూడా చూడాలి.

బ్రాడీపేట బుల్లోడు:
సరే, బావకి బిర్యానీ బాకీ పడ్డట్టే. ఇంతకీ వదిలేశారా అతన్ని?

పటమట పంతులు:
మాట ప్రకారం వదిలారు, కానీ జీతం పెంచుకుని మళ్లీ అక్కడే సంతకం పెట్టాడు. 1885 సీజన్ అయ్యాక టీమే మూతపడింది.