కింది వాటాలో పార్వో వచ్చిపోయింది, మా కుక్కపిల్లను మెట్లు దించొచ్చా?

మేడమీదావిడ, తెనాలి:
కింది వాటావాళ్ళ కుక్కపిల్ల పోయిన నెల నెత్తురు విరేచనాలై చనిపోయింది. పార్వో అన్నారు డాక్టరుగారు. మెట్ల కిందే కట్టేసేవాళ్ళు. ఫినాయిల్ పోసి కడిగారు. ఇప్పుడు మేం ఏడు వారాల పొమేరియన్‌ని తెచ్చుకున్నాం, మొదటి సూది అయింది. దాన్ని కింద ఆడిస్తానని మావాడు ఒకటే పేచీ. మా అత్తగారేమో "సూది పడిందిగా, ఇంకేం భయం" అంటారు. మళ్ళీ మళ్ళీ సూదులు ఆసుపత్రివాళ్ళ బేరమేనని కూడా ఆవిడ అనుమానం. నాకూ కాస్త ఉంది లెండి. దించొచ్చా?

పశువైద్యం ఫైనలియర్:
వద్దండీ. పార్వో అంటే కుక్కలకొచ్చే వైరస్ జబ్బు. ఫినాయిల్‌కి ఆ వైరస్ చావదు, నెలల తరబడి ఉంటుంది. సిమెంటు నేలైతే ముందు సబ్బుతో మురికి వదిలించి, బట్టల బ్లీచ్ ఒక పాలుకి 30 పాళ్ళ నీళ్ళు కలిపి పోసి, 10 నిమిషాలు తడిగా ఉంచండి. బాత్రూం యాసిడ్‌తో మాత్రం కలపకండి, విషవాయువు పుడుతుంది. మొక్కల పాదుల్లో మట్టికి ఈ వైద్యం పారదు, అటు అసలే వదలకండి.
ఇక సూదులు. తల్లి ముర్రుపాలతో వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నన్నాళ్ళూ టీకాను పట్టనివ్వదు. అదెప్పుడు తగ్గుతుందో పైకి తెలీదు. అందుకే 2-4 వారాలకోసారి వేస్తూ, ఆఖరిది 16 వారాలు నిండాక పడేలా చూస్తారు.

గుంటూరు బాబాయి:
చెప్పులు గుమ్మం బయటే విడవండమ్మా. కుక్క దిగకపోయినా మీ కాళ్ళతో ఆ వైరస్ పైకొస్తుంది. సూది వేసినప్పుడల్లా మందుసీసా స్టిక్కరు కార్డు మీద అంటించమనండి, ఏం వేశారో తెలుస్తుంది.

మేడమీదావిడ, తెనాలి:
అత్తగారికి చదివి వినిపించాను. "దూడకి ముర్రు పట్టించినదాన్ని, నాకు చెప్పాలా" అన్నారు, అంటే ఒప్పుకున్నట్టే. ఇప్పుడు ఇంకోటి అడగమంటున్నారు: గడప దాటని కుక్కకి రేబిస్ సూదెందుకట?

పశువైద్యం ఫైనలియర్:
మీ మేడ మీదికి పిల్లులు రావా? ఒక్క కాటు చాలు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక కుక్కనైనా మనిషినైనా బతికించుకోవడం దాదాపు అసాధ్యం. 3 నెలలు నిండగానే మొదటిది, తర్వాత డాక్టరు కార్డులో రాసిన తేదీలకి. జులై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల గురించి), ఆరోజు ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తుంటారు. ఆ క్యాంపు కోసమని వాయిదా మాత్రం వేయకండి. మీవాణ్ణి ఏ కుక్క కరిచినా 15 నిమిషాలు సబ్బునీళ్ళతో కడిగి, ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.